లక్ష్యం లేని మనిషి

పోయిన వారం మా గ్రంథాలయానికి తిరిగొచ్చిన ఒక పుస్తకంలో జానెడు గుడ్డముక్క కనిపించింది. నీలం చారల పరుపు గుడ్డ. ఒక అంచు తిన్నగా ఉంది, రెండో అంచు మెట్లు మెట్లుగా కోసి ఉంది. పాఠకులు పుస్తకాల్లో చాలా వదిలేస్తుంటారు. బస్సు టికెట్లు, మందుల చీటీలు, ఒకసారి ఎవరిదో పాస్‌పోర్టు ఫోటో. వాటిని తీసి సొరుగులో వేయడం నాకు అలవాటే. దీన్ని మాత్రం తీయకుండా పుస్తకం మూసేశాను. ఆ కోత ఎవరిదో నాకు తెలుసు. ఆమె పోయి అప్పటికి పన్నెండు రోజులైంది.

తిరువూరులో ఆమెను పరుపులామె అనేవాళ్ళు. గ్రంథాలయానికి నాలుగు కొట్ల అవతల వాళ్ళ పరుపుల కొట్టు. వాళ్ళది తరతరాలుగా దూది ఏకే కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, పండగలకు మసీదుకు వెళ్తారు. ఆమె మామగారు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకిన మనిషి. భర్త కూడా చిన్నప్పుడు ఆయన వెనక తిరిగాడు. కొట్టు మాత్రం ఆమె పట్టుబట్టి పెట్టించింది.

ఆమె పోయాక చాలామంది నా దగ్గర చాలా మాటలన్నారు. దూదితో బతికిన మనిషి, మనసు కూడా దూదేనని ఒకాయన అన్నాడు. కాదు. ఆమె మెత్తటి మనిషి కాదు. పాపం, బాగా కష్టపడిందని ఇంకొకరు అన్నారు. ఆ పాపం అనే మాట కూడా నేను రాయను. వింటే ఊరుకునేది కాదు.

ఆమెకు ఒక అలవాటుండేది. ఎక్కడికి వెళ్ళినా, కూర్చోబోయే ముందు కూర్చునే చోటును అరచేత్తో ఒకసారి నొక్కి చూసేది. బస్సులో సీటైనా అంతే, ఆసుపత్రిలో మంచమైనా అంతే. మొదటిసారి గ్రంథాలయానికి వచ్చినప్పుడు నా కుర్చీలో ఉన్న దిండును, నేను లేచి నిలబడే లోపే, నొక్కి చూసింది.

"ఇందులో దూది చచ్చిపోయి చాన్నాళ్ళయింది సార్. దీని మీద కూర్చుని అన్ని పుస్తకాలు ఎట్టా చదివారండీ?" అంది.

మర్నాడు దిండు పట్టుకెళ్ళి, విప్పి, దూది ఏకి, కుట్టి తెచ్చింది. బాగుందని నేను చెప్పబోతే చెయ్యి ఊపి ఆపేసింది. బాగుంటుందని ఆమెకు తెలుసు, ఇక నేను చెప్పేదేముంది అన్నట్టు.

ఆమె నోట్లో ఇంకో మాట ఎప్పుడూ నలుగుతుండేది. లక్ష్యం లేదు. బోసుబొమ్మ దగ్గర ఫోమ్ పరుపుల షోరూం పెట్టారని ఎవరైనా చెబితే, "వాళ్ళంటే నాకు లక్ష్యం లేదు" అనేది. ఊపిరితిత్తులకు దూది దుమ్ము పడటం లేదు, ఆ పని మానెయ్యమని డాక్టరు చెప్పాడట. ఆయనన్నా లక్ష్యం లేదు. పెద్ద కంపెనీలే పరుపును చుట్టచుట్టి అట్టపెట్టెలో ఇంటికి పంపుతుంటే మీరెన్నాళ్ళు ఉంటారని అడిగిన బంధువులన్నా లక్ష్యం లేదు. మా కృష్ణా జిల్లా మాటల్లో ఆ మాటకు అర్థం ఒకటే. లెక్కచెయ్యను అని. ఆమెకు ఎవరన్నా లక్ష్యం లేదని ఊళ్ళో కూడా అనుకునేవాళ్ళు. అది తిట్టు అనుకుని అనేవాళ్ళు.

కొన్నేళ్ళ కిందట, మాఘమాసంలో, ఒక మధ్యాహ్నం ఆమె ఒక కాగితం పట్టుకుని వచ్చింది. చిన్న వ్యాపారాలు పెంచుకోవడం ఎలా అని మండల ఆఫీసులో మూడు రోజుల శిక్షణ పెట్టారు. విజయవాడ నుంచి ఒకాయన వచ్చి పాఠాలు చెబుతున్నాడు. మొదటి రోజు అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, నింపి తెమ్మన్నాడు. ఆమె అయిదో తరగతి వరకు చదివింది. కూడబలుక్కుని చదవగలదు, రాయడమే కష్టం. కాగితం నా బల్ల మీద పెట్టి, మొదటి గీత మీద వేలు పెట్టింది.

"ఇది చూడండి సార్. మీ లక్ష్యం ఏమిటి అంట. నాకెవరన్నా లక్ష్యం లేదని ఊళ్ళోవాళ్ళు అంటారు సరే. గవర్నమెంటు దాకా ఎవరు చేరేశారు?"

వేళాకోళం అనుకున్నాను. కాదు, నిజంగానే అడుగుతోంది. ఇది ఆ లక్ష్యం కాదమ్మా, మీరు ఎక్కడికి చేరాలనుకుంటున్నారో చెప్పమంటున్నారు అని వివరించాను.

"గురి అన్నమాట" అంది. "గురి అని అడగొచ్చుగా మరి. ఒక్క మాటనే అటూ ఇటూ వాడతారేంటి మీ చదువుకున్నోళ్ళు?"

ఆ రాత్రి ఇంటికి వెళ్ళి నిఘంటువు తీశాను. గమనించడం అనే అర్థం నుంచే రెండూ వచ్చాయి. గురి మీద చూపు పెట్టినవాడు పక్కనున్నవాళ్ళను గమనించడు. అది ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కనపడలేదు.

మీ గురి ఏంటో చెప్పండి, రాస్తాను అన్నాను. సంకోచం లేకుండా చెప్పింది.

"ఆషాఢంలో మా కొట్టు తలుపు తెరిచి ఉండాలి."

ఇంకా చెబుతుందేమోనని ఆగాను. అంతే. అదే ఆమె కోరిక.

ఆ మాట విలువ తెలియాలంటే పరుపుల పని తెలియాలి. దూదికి తడి గాలి పడదు. వానాకాలంలో ఏకితే ముద్దకడుతుంది. అందుకని ఆషాఢం రాగానే పరుపులవాళ్ళు పని కట్టిపెట్టి, గంపలగూడెం వైపు పత్తి చేలల్లో కలుపు కూలికి పోయేవాళ్ళు. పైగా ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు, మంచి వస్తువేదీ కొనరు. కొట్టు ఎందుకు మూశారని ఆ నెలలో ఎవరూ అడగరు. ఎవరైనా అడిగినా ఒక్కటే జవాబు. ఆషాఢం కదండీ.

"రంజాన్ అయినా నెలలు మారుద్ది సార్" అంది ఆమె. "ఈ ఆషాఢం చూడండి, ఎప్పుడూ వానలోనే వచ్చి కూర్చుంటది."

ఆమె చెప్పింది తర్వాత నేను చాలాసార్లు గుర్తు చేసుకున్నాను. పెళ్ళి శ్రావణంలో జరుగుతుంది. కానీ ఏం కొనాలో, ఎక్కడ కొనాలో ఇంట్లో కూర్చుని అనుకునేది ఆషాఢంలోనే. అప్పుడు చేతిలో పని ఉండదు, మాట్లాడుకోవడానికి తీరిక ఉంటుంది. వాళ్ళు అలా అనుకుంటున్న నెలంతా షోరూం దీపాలు వెలుగుతుంటాయి, ఆమె తలుపుకు తాళం ఉంటుంది. శ్రావణం వచ్చి ఆమె తాళం తీసేసరికి ఊరు ఎప్పుడో నిర్ణయం చేసేసుకుని ఉంటుంది.

"ఫోమ్ వల్ల మేం చెడిపోలేదు సార్. తాళం వల్ల."

కాగితం మీద దశలు అని అయిదు గీతలున్నాయి. మొదటి దశ చెప్పండి అన్నాను. తల అడ్డంగా ఊపింది. మూడో గీత మీద వేలు పెట్టి, ముందు ఇక్కడ రాయండి, ఆషాఢం అని రాయండి అంది. పై రెండూ ఖాళీగా ఉంటాయి కదా అంటే, ఉండనివ్వండి అంది.

ఆమె పరుపు కుట్టేదీ అలాగే. మిగతావాళ్ళు దబ్బనంతో మూల నుంచి మొదలుపెట్టి అంచు పట్టుకుని వస్తారు. భర్త కూడా అంతే. ఆమె దూది పరిచి, మూతి కుట్టి, కర్రతో సమంగా కొట్టాక, సరిగ్గా నడిమధ్యలో మొదటి కుట్టు వేసేది. అక్కడి నుంచి నాలుగు వైపులకూ పోయేది. మధ్యలో మొదలుపెట్టే పరుపు తన తండ్రి కాలంలోనే చూడలేదని భర్త ఎగతాళి చేసేవాడట.

"పరుపుకు పల్లం పడేది మధ్యలోనే సార్. అంచులకేమవుద్ది, అవి ఎప్పుడూ బాగానే ఉంటాయి. నా సంవత్సరానికి పల్లం ఆషాఢంలో ఉంది. ముందు అక్కడ కుట్టు పడాలి."

అలా మూడో గీత రాశాక రెండోది చెప్పింది. ఎండలు ముదిరినప్పుడే నాలుగు నెలలకు సరిపడా దూది ఏకి, మూటలు కట్టి అటక మీద పెట్టడం. తర్వాత నాలుగోది, శ్రావణంలో చెప్పిన రోజుకు పరుపు ఇల్లు చేర్చడం. మళ్ళీ పైకి వెళ్ళి మొదటిది. ఉగాది లోపు కొట్టు నేల జానెడు ఎత్తు చేయించి, రేకుల కింద చెక్కలు కొట్టించడం. అయిదో గీత దగ్గర కొంచెం ఆగి, గంపలగూడెంలో ఇంకో తలుపు అని రాయించింది.

ఈ కాగితం మూడో రోజు అందరి ముందూ చదవాలట. తోడు రమ్మంది, వెళ్ళాను. వెనక వరసలో కూర్చున్నాను. ఆమె కంటే ముందు చదివినవాళ్ళలో పచ్చళ్ళ తయారీ, పేపర్ ప్లేట్లు, బట్టల కొట్టు వాళ్ళు ఉన్నారు. అందరి లక్ష్యమూ వ్యాపారాన్ని మూడేళ్ళలో మూడింతలు చెయ్యడమే. శిక్షణ ఇచ్చేవాడు ఒక్కొక్కరికీ చప్పట్లు కొట్టించాడు. ఆమె లేచి, కూడబలుక్కుంటూ లక్ష్యం దగ్గర రాయించిన మాట చదవగానే హాల్లో నవ్వులు. ఆయన నవ్వలేదు. మర్యాదగానే చెప్పాడు. అమ్మా, అది లక్ష్యం కాదు, పని. లక్ష్యమంటే పెద్దగా ఉండాలి, అంకె ఉండాలి.

"పని కానిది నాకెందుకండీ?" అంది ఆమె.

ఆయన సర్దిచెప్పబోయాడు. కనీసం మూడింతలు అని చేర్చమన్నాడు. సర్టిఫికెట్ కోసం అది అవసరమన్నాడు.

"మూడింతలవుద్దో లేదో నా చేతుల్లో లేదు సార్. తలుపు నా చేతుల్లో ఉంది. నేను తెరిస్తే తెరుచుకుద్ది. నా చేతుల్లో లేనిది రాసి సంతకం పెట్టమంటారా?"

ఆమెకు సర్టిఫికెట్ ఇవ్వలేదు. తిరిగి వస్తుంటే నేనే బాధపడ్డాను. అర్జీ పెడదామా అని అడిగాను. ఆమె బండి మీద సపోటాలు బేరమాడుతోంది. నా వైపు చూడకుండానే ఆ మాట అంది. లక్ష్యం లేదు.

ఉగాదికి నేల ఎత్తు అయింది. ఎండాకాలమంతా దూది ఏకారు. ఆషాఢం వచ్చింది. పాడ్యమి నాడు పొద్దున్నే ఆమె కొట్టు తలుపు తీసి, గడప మీద నీళ్ళు చల్లి, లోపల ఒక కుట్టిన పరుపు పరిచి కూర్చుంది. భర్త కలుపు కూలికి పోతానన్నాడు, పొమ్మంది. ఎదురుగా టీ కొట్టతను ఆ నెలంతా ఆమెను వదల్లేదు.

"ఆషాఢంలో పరుపులేంటక్కా? కొత్త జంటల్ని విడదీసి ఎవరింటికి వాళ్ళని పంపేస్తుంటే?"

"విడదీసినోళ్ళు మళ్ళీ కలవరా తమ్ముడూ? అప్పుడేం, నీ బల్లల మీద పడుకుంటారా?"

నవ్వులైతే వచ్చాయి గానీ మనిషి రాలేదు. మొదటి పది రోజులు వాన, ఖాళీ కొట్టు. నేను రోజూ దాటుకుంటూ పోయేవాణ్ణి. అటు చూడకుండా పోదామనిపించేది. ఆమె మాత్రం నన్ను పేరుపెట్టి పిలిచినంత గట్టిగా నా వైపు చూసేది. తలుపు తెరిచే ఉంది, చూసుకోండి అన్నట్టు.

పదకొండో రోజో పన్నెండో రోజో నెమలి అనే ఊరి నుంచి వచ్చిన తల్లీ కూతుళ్ళు వానకు తలదాచుకోవడానికి ఆ చూరు కింద నిలబడ్డారు. ఆమె లోపలికి పిలిచి పరుపు మీద కూర్చోబెట్టింది. శ్రావణంలో ఆ పిల్ల పెళ్ళి. మాటల్లో మాటగా నీలం చారల గుడ్డ నచ్చిందన్నారు. అక్కడ ఆమె పొరపాటు చేసింది. కొంచెం బయానా ఇచ్చి వెళ్ళండి, గుడ్డ తీసి పెడతాను అంది. తల్లి గబుక్కున లేచి నిలబడింది. ఆషాఢంలో మేమేదీ కొనమమ్మా అని, వాన తగ్గకుండానే కూతుర్ని తీసుకుని రోడ్డెక్కింది.

నేను అప్పుడు గ్రంథాలయం మెట్ల మీద ఉన్నాను. ఆమె కత్తెర పట్టుకుని వానలో వాళ్ళ వెనక పరుగెత్తడం చూశాను. ఏం జరుగుతుందోనని కంగారుపడ్డాను కూడా. వాళ్ళను ఆపి, చేతిలో ఏదో పెట్టి, తడుస్తూ వెనక్కి వచ్చింది. సాయంత్రం వెళ్ళి అడిగితే చూపించింది. పరుపుకు సరిపడా నీలం చారల గుడ్డ తానులోంచి కోసేసి ఉంది. దాని ఒక మూల జానెడు ముక్క లేదు. కోత మెట్లు మెట్లుగా ఉంది.

"కొనొద్దన్నాను. ఇది వస్తువు కాదు, గుడ్డపేలిక, ఇంటికి తీసుకెళ్తే దోషమేం లేదన్నాను. శ్రావణంలో ఈ ముక్క తెచ్చి ఈ కోతకు ఆనించండి. కలిస్తే ఆ పరుపు మీది."

భర్త కూలి నుంచి వచ్చి చూసి తల పట్టుకున్నాడు. పైసా తీసుకోకుండా గుడ్డ కోసేస్తే, వాళ్ళు రాకపోతే ఏంటి అన్నాడు.

"రాకపోతే దిండ్లవుతాయి" అంది.

ఆ నెలాఖరుకు అలా కోసిన గుడ్డ చుట్టలు తొమ్మిది అటక మీద చేరాయి. శ్రావణంలో ఏడు ముక్కలు తిరిగొచ్చాయి. మిగతా రెండు చుట్టలూ దిండ్లయ్యాయి. అందులో ఒకటి ఇప్పుడు నా కుర్చీలో ఉంది. నెమలి తల్లీ కూతుళ్ళు మొదటి శుక్రవారమే వచ్చారు. కోతకు కోత ఆనించి చూసుకుని, ఆ తల్లి నవ్వడం నేను చూశాను. తర్వాతి ఏడాది వినగడప, గంపలగూడెం నుంచి కూడా ఆషాఢంలో గుడ్డముక్క కోసమని పని కట్టుకుని వచ్చారు. ఆమె దగ్గర ముక్క తీసుకోవడం పెళ్ళి పనుల్లో ఒక పని అయింది. భర్త కలుపు కూలికి పోవడం మానేశాడు. ఎగతాళి మాత్రం మానలేదు, మూల నుంచి కుట్టడమూ మానలేదు. షోరూం షోరూంలాగే ఉంది. ఆమె వ్యాపారం మూడింతలు కాలేదు. అయిదో గీత దగ్గరకు వెళ్ళనేలేదు. గంపలగూడెంలో రెండో తలుపు లేదు. ఊపిరితిత్తులు ఒప్పుకోలేదు. కానీ రాసిన ఆ మొదటి మాటను ఆమె ఏ ఏడూ తప్పలేదు. పోయినేడు ఆషాఢంలో ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి తలుపు తీసింది. లోపలికి వెళ్ళాక నిలబడలేక, తను కుట్టిన పరుపు మీదే పడుకుని, పడుకునే గుడ్డ కోసింది.

ఈ ఏడు ఆషాఢం మొదలైన అయిదో రోజున పోయింది.

పుస్తకంలో ముక్క దొరికిన రెండు రోజులకు దాని మనిషి వచ్చాడు. వినగడపలో బడి పంతులు, మా పాత పాఠకుడు. శ్రావణంలో కూతురి పెళ్ళి. ఆషాఢం విదియ నాడు ఆమె చేతుల మీదుగా ముక్క తీసుకుని, పుస్తకంలో గుర్తుగా పెట్టుకుని మర్చిపోయాడట. నేను ముక్క తీసి ఇవ్వబోతే ఆయన చెయ్యి చాపలేదు.

"ఆవిడే పోయిందంటగదండీ. ఇంక కొట్టు ఎక్కడ తీస్తారు? షోరూంలో చూస్తాంలెండి. అది మీరే ఉంచండి" అన్నాడు.

ఆయన్ను కూర్చోమని చెప్పి, ముక్క పట్టుకుని బయటకు వచ్చాను. ఆమె పోయిన రోజు చూసిందే, మళ్ళీ అటు వెళ్ళలేదు. తాళం వేసిన తలుపు చూడటం ఇష్టం లేక ఇన్నాళ్ళూ వెనక సందులో నుంచి ఇంటికి పోతున్నాను. వాన పడుతోంది. ఇప్పుడు కూడా నాలుగు కొట్లు దాటడానికి కాసేపు ఆగాల్సి వచ్చింది.

తలుపు తెరిచి ఉంది. గడప మీద చల్లిన నీళ్ళు ఇంకా ఆరలేదు. భర్త నేల మీద కొత్త పరుపు పరుచుకుని, దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో దబ్బనం. పరుపు మూలల్లో ఒక్క కుట్టూ లేదు. నడిమధ్యలో మాత్రం నాలుగైదు కుట్లున్నాయి, కొంచెం వంకరగా.

వినగడప పంతులుగారిదని చెప్పి ముక్క ఇచ్చాను. ఆయన లేచి, అటక మీది చుట్టలు ఒక్కొక్కటే దించి, మూల విప్పి ఆనించి చూశాడు. నాలుగోదానికి కలిసింది. మెట్టుకు మెట్టు. ఆ చుట్టను విడిగా పెట్టి, ముక్క మాత్రం నాకే తిరిగి ఇచ్చేశాడు.

"పంతులుగారికే ఇవ్వండి సార్. ముక్క తీసుకుని రమ్మనండి. ముక్క లేకుండా వస్తే నేనివ్వను. ఆమె పెట్టిన పద్ధతి."

ఎప్పుడు తీశారని అడిగాను. ఆమె పోయిన నాలుగో రోజు నుంచి తీస్తున్నానన్నాడు. అడగక్కర్లేదు, అయినా అడిగాను. కొన్నాళ్ళు మూస్తారనుకున్నానని.

ఆయన అప్పటికే మళ్ళీ పరుపు మీదకు వంగాడు. దూదిలో దించిన దబ్బనాన్ని రెండో చేత్తో లాగుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఆషాఢం కదండీ."